పొదుపుకో వారం, వాడకానికి ఏడాది

డిసెంబర్ 14 వచ్చిందంటే కరెంటుకు పుణ్యదినాలు మొదలు. 20వ తేదీ దాకా ఇంధన పొదుపు వారోత్సవాలు. బడిపిల్లల చేతికి ప్లకార్డులు, మైకులో ‘అనవసరంగా లైట్లు వేయకండి’ అన్న హితబోధ, ప్రతిజ్ఞ, ఫొటో, టీ. 21 నుంచి మామూలే.

ఈ హితబోధ వినుకొండ జనానికి కొత్త కాదు. 2014లో, వినుకొండ అప్పుడున్న గుంటూరు జిల్లాలో, పాత బల్బులు తెచ్చిస్తే ఒక్కోటి 10 రూపాయలకే ఎల్‌ఈడీలు ఇచ్చారు. జనం క్యూ కట్టి మరీ మార్చుకున్నారు. ఇళ్లల్లో చేయగలిగింది చాలావరకు అప్పుడే అయిపోయింది. అయినా మైకు ఇంకా ఇళ్లకేసే తిరిగి ఉంది.

అసలు వినాల్సింది పొలంలో మోటారు. త్రీఫేజ్ ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో బిగించిన ఆటో స్టార్టర్, కరెంటు రాగానే తనంతట తానే మోటారు తిప్పేస్తుంది. మిరప సాళ్లు తడిసి, గట్టు తెగి, డొంకలోకి నీళ్లు పారుతున్నా ఆపే దిక్కుండదు. రైతును తప్పుపట్టడానికీ లేదు. ఆపి ఇంటికెళితే, మళ్లీ వేసే వేళకు కరెంటు ఉంటుందన్న పూచీ ఎవరిచ్చారు? 5 హెచ్‌పీ మోటారు గంటసేపు ఊరికే తిరిగితే, 9 వాట్ల బల్బు 400 గంటలకు పైగా వెలిగినంత ఖర్చు. లోవోల్టేజీకి మోటారు కాలిపోతే రీవైండింగ్ షాపుకి పోతుంది. వచ్చాక మునుపటికంటే ఎక్కువే తాగుతుంది.

2004 మే 14న ఉచిత విద్యుత్తుపై కొత్త ముఖ్యమంత్రి తొలి సంతకం పడింది. ఆ తర్వాత ఐఎస్ఐ మోటారు, కెపాసిటర్, మంచి ఫుట్‌వాల్వ్, ప్లాస్టిక్ పైపులు ఉండాలని షరతులూ వచ్చాయి. కాగితం మీద అన్నీ బిగించే ఉన్నాయి.

లైట్లు ఆర్పిన గృహస్థుకు దక్కిన బహుమానం వేరే. 2022-23లో కరెంటు కొన్న ఖర్చు తేడా 6,072 కోట్ల రూపాయలను వసూలు చేసుకోవడానికి పంపిణీ సంస్థలకు విద్యుత్ నియంత్రణ మండలి అనుమతిచ్చింది. అది 2024 డిసెంబర్ నుంచి బిల్లుల్లోకి ఎక్కింది. ఎప్పుడో ఆపేసిన ఫ్యాను మీటర్లో ఇంకా తిరుగుతూనే ఉందన్నమాట!

అమెరికా వాయవ్య రాష్ట్రాల వాళ్లు పొదుపును వేడుకగా కాక లెక్కగా చూశారు. అక్కడి 1980 నాటి చట్టం ప్రకారం ప్రాంతీయ విద్యుత్ ప్రణాళికలో మొదటి వరస పొదుపుదే. సౌర, పవన విద్యుత్తులు దాని తర్వాతే. ఖర్చు పోల్చేటప్పుడు పొదుపుకు 10 శాతం మొగ్గు కూడా ఇస్తారు.

మన దగ్గర 2021లో వ్యవసాయానికని యూనిట్ 2 రూపాయల 49 పైసల చొప్పున 7,000 మెగావాట్ల సౌర విద్యుత్తుకు 25 ఏళ్ల ఒప్పందం రాసుకున్నారు. ముందు మోటార్లు మార్చి ఉంటే అందులో ఎన్ని వేల మెగావాట్లు అక్కర్లేకపోయేవో ఏ వారోత్సవ వేదికా చెప్పదు.