సముద్రానికి ఎఫ్‌టీఎల్ ఎంత?

కీసరగుట్ట ఎక్కి తూర్పుకు ఎంత కళ్లు చిట్లించినా సముద్రం కనబడదు. కనబడదు కదా అని ధీమాగా ఉండొద్దు. ఔటర్ పక్కన ‘సీ వ్యూ కౌంటీ’ అని వెంచర్ బోర్డు ఎప్పుడైనా లేవొచ్చు.

తమాషా ఏమిటంటే, దేశంలో ఏ తీరాన ఎంత ఎత్తు అల లేస్తుందో ముందుగా చెప్పేది సముద్రం లేని మన హైదరాబాదే. 1999లో పుట్టిన సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ప్రగతినగర్‌లో కూర్చుని సముద్రం మీద కన్నేసి ఉంచుతుంది. ఉప్పల్ రోడ్డులో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ భూమికి చెవి ఒగ్గుతుంది. దెబ్బలు తినే డ్యూటీ మాత్రం కాకినాడ దగ్గర తీరాన ఉన్న ఉప్పాడకు పడింది.

ఈ సంగతి టీ కొట్టు దగ్గర ప్లాట్ల బ్రోకర్‌కు చెప్తే, “గట్లనా! మరి సముద్రానికి ఎఫ్‌టీఎల్ ఎంత సార్?” అన్నాడు.

ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత. నవ్వాను గానీ, తీరంలో గోడ కట్టే ఇంజినీరు అడిగేదీ అదే. వాళ్ల దగ్గర ‘వందేళ్ల అల’ అని ఒక కొలత ఉంటుంది. వందేళ్లకోసారి తారీఖు చూసుకుని వస్తుందని కాదు, ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. పాత రికార్డులు చూసి ఈ లెక్క వేస్తారు. సముద్రం తాతల కాలంలోలాగే నడుచుకుంటుందని నమ్మకం.

ఆ నమ్మకానికి 2019లో చిల్లు పడింది. 1985 నుంచి 2018 దాకా ఉపగ్రహాలు కొలిచిన అలల్ని మెల్‌బోర్న్ శాస్త్రవేత్తలు తిరగేస్తే, దక్షిణ మహాసముద్రంలో పెద్ద అలలు 30 సెంటీమీటర్లు పెరిగాయని తేలింది. సగటు అల పెరిగింది కొంచెమే, పెద్దవే బాగా పెరిగాయి. జీతాలు పెంచేటప్పుడు మా ఆఫీసులోనూ ఇదే పద్ధతి.

ఎక్కడో దక్షిణాన అల పెరిగితే మనకేం? అక్కడి తుఫాను లేపిన అల రోజుల తరబడి నడిచి మన దేశం ఒడ్డుకు చేరుతుంది. ఇక్కడ గాలి ఉండదు, మబ్బు ఉండదు, ఉన్నట్టుండి నీళ్లు ఇంట్లోకొస్తాయి. మలయాళీలు దీన్ని ‘కల్లక్కడల్’ అంటారు, దొంగ సముద్రమని.

మన ఉప్పాడలో సముద్రం దొంగచాటుగా రాదు, బాజాప్తా వస్తుంది. ఇళ్లు మింగింది, గుళ్లు మింగింది. జియో ట్యూబులతో గోడ కడితే దాన్నీ చీల్చింది. రాళ్లు పోస్తారు, తుఫాను వస్తుంది, కాకినాడ రోడ్డు తెగుతుంది, మళ్లీ రాళ్లు పోస్తారు. పాపమంతా అలదే అనలేం. తీరానికి చేరాల్సిన గోదావరి ఇసుక ఆనకట్టల వెనకే ఆగిపోతోంది. రాళ్ల బిల్లులు మాత్రం ఎక్కడా ఆగవు.

మన దగ్గర ఇళ్లు చెరువులోకి నడిచాయి, అక్కడ సముద్రం ఇళ్లలోకి నడుస్తోంది. 2024లో చెరువు ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఉప్పల్, నాచారం వాసులు ఎఫ్‌టీఎల్ మ్యాపులు కంఠతా పట్టారు. ఉప్పాడ మత్స్యకారుడు ఏ మ్యాపు పట్టాలి? సముద్రం తరఫున నోటీసిచ్చేది ఇన్‌కాయిస్. స్టే ఇచ్చే కోర్టు లేదు.

“గా 30 సెంటీమీటర్లు రెగ్యులరైజ్ చేస్కోనీకి సముద్రం ఎల్‌ఆర్‌ఎస్ ఫీజు కట్టిందా సార్?” అన్నాడు బ్రోకర్. లేదన్నాను. కాసేపు ఆలోచించి, “గట్లనే జరుగుతా పోతే కీసర దాకా ఎన్నేండ్లకొస్తది?” అన్నాడు.

మనం సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తులో ఉన్నామయ్యా అన్నాను.

“రానీ సార్, తొందరేముంది? బోర్డు మీద ‘ఫ్యూచర్ బీచ్ ఫేసింగ్’ అని ఇప్పుడే రాయిస్త.”