పొగ వచ్చింది, తలుపులెయ్యండి!

హైదరాబాద్ నాచారంలో దీపాలు పెట్టే వేళ. గల్లీ మొదట్లో టపటపమని చప్పుడు, వెనకే తెల్లటి పొగ. "ఫాగింగ్ బండి వచ్చింది, తలుపులెయ్యండి!" అని ఇంటింటా కేక. కిటికీలు, బాల్కనీ తలుపులు, ఆఖరికి బాత్రూమ్ వెంటిలేటర్ కూడా బిగించేస్తాం. పది నిమిషాలకు పొగ చెదిరాక తలుపులు తీసి, "ఈ ఏడు బాగానే పనిచేస్తున్నారు" అని మెచ్చుకుంటాం. మంచం కింద, కర్టెన్ చాటున కూర్చున్న డెంగీ దోమ కూడా మెచ్చుకుంటుంది. డీజిల్లో కలిపిన మందు సోకకుండా దాన్ని కాపాడింది మనమే కదా!

డెంగీ తెచ్చే ఈ ఈడిస్ దోమ మర్యాదస్తురాలు. మురుగు గిట్టదు. సంపు, డ్రమ్ము, కూలర్ అడుగు, పూలకుండీ కింది పళ్ళెం, ఎక్కడైనా కాసిని మంచినీళ్ళుంటే చాలు, వారం పది రోజుల్లో గుడ్డు దోమై లేస్తుంది. కుట్టేది పగలు. ఎగిరేది మహా అయితే కొన్ని వందల మీటర్లు. మనమేమో జ్వరం రాగానే ఉప్పల్ నల్లచెరువునీ, దాని మీది గుర్రపుడెక్కనూ తిట్టిపోస్తాం. మురుగులో పుట్టేది రాత్రి చెవిలో కచేరీ పెట్టే క్యూలెక్స్. నిద్ర చెడగొడుతుంది, కాదనను. ప్లేట్‌లెట్లు పడగొట్టేది మాత్రం మన డాబా మీద, మన నల్లా నీళ్ళలో పెరిగిన సొంతింటి బిడ్డ.

దోమను నీళ్ళలోనే పట్టాలన్నది కొత్త విద్య కాదు. రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నది 1897 ఆగస్టు 20న, మన బేగంపేటలోనే. ఆ తర్వాత ఆయన పోరాడింది కూడా దోమలు పుట్టే నీళ్ళ మీదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పొగను రోగం ప్రబలినప్పుడు తీసే ఆయుధంగా చూస్తుంది. మనం దాన్ని నిత్య ధూపం చేసుకున్నాం.

2020 మే నెలలో, దోమలు పుట్టే నీళ్ళు పారబోయడానికి "ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు" అన్నారు. అప్పటి పురపాలక మంత్రి కేటీఆర్ స్వయంగా ఇంట్లో నిలవనీళ్ళు పారబోసి చూపించారు. మంచి మాటే. కానీ పళ్ళెం బోర్లిస్తే చప్పుడు రాదు, పొగ రాదు. కొత్త బండికైతే కొబ్బరికాయ కొట్టి జెండా ఊపొచ్చు. ఆ కొట్టిన చిప్ప ఏ మూల పడి వాన నీళ్ళు పట్టుకుంటోందో ఎవరికి కావాలి?

సంపు మూతకైతే జెండా ఊపేవాళ్ళే లేరు. అది సరిగ్గా కూర్చుంటే దోమ గుడ్లు పెట్టదు, వాకిట్లో ఆడుకునే పసివాడూ అందులో పడడు. పిల్లలు సంపుల్లో పడి పోయిన వార్తలు ఈ నగరానికి కొత్త కాదు. అయినా టార్చిలైటుతో సంపు చూస్తామని ఎవరైనా వస్తే గేటు దగ్గరే నిలబెట్టి, "మా ఇంట్లో దోమల్లేవమ్మా" అంటాం. బండి రాకపోతే మాత్రం ఊరుకోం.

మొన్న పక్కింటాయన పిలిచాడు. "సార్, రెండు వారాలాయె, మన గల్లీకి పొగబండి రాలే. కంప్లయింట్ రాసిన, మీరూ ఓ సంతకం పెట్టుండ్రి." ఆయన నిలబడ్డది పగిలిన సంపు మూత మీద పరిచిన ప్లైవుడ్ చెక్క మీద. కాలు కదిపినప్పుడల్లా అది కిర్రుమంటోంది.

సంతకం పెట్టి, మెల్లగా ఇటు రమ్మన్నాను.