ఎంత మోస్తది?

మెదక్ రాందాస్ చౌరస్తాకు దగ్గర్లోని ఒక కార్ డెకరేషన్ షాపు. పెండ్లయి నెల దాటని పిలగాడొకడు అత్తగారు పెట్టిన తెల్లకారు తెచ్చి ముందర ఆపాడు. లోపల కొత్త స్టీరియో, స్పీకర్లు, డిక్కీలో 12 అంగుళాల సబ్‌వూఫర్ కావాలన్నాడు. డబ్బా మీద 1400 వాట్స్ అని పెద్దగా అచ్చేసి ఉంది. "గింత పవర్ ఇచ్చే ఆంప్ పెట్టన్నా."

మెకానిక్ డబ్బా తిప్పి చిన్నక్షరాలు చూపించాడు. "గది ఒక్క క్షణం తట్టుకునే లెక్క తమ్మీ. ఎప్పటికీ మోసేది ఆర్‌ఎంఎస్. దీనిది 500. మనం చూడాల్సింది గదే."

పెద్ద అంకెను నమ్మి కాయిళ్లు కాల్చుకున్నోళ్లు ఎందరో. ఇంత ఓపిగ్గా విడమరిచి చెప్పే పనివాడు దొరకడం అదృష్టమే.

సబ్‌లో 4 ఓమ్‌ల కాయిళ్లు రెండు. ప్యారలల్‌గా కలిపితే 2 ఓమ్‌లు, సిరీస్‌లో 8. అతను తీసిన ఆంప్ 4 ఓమ్‌ల దగ్గర 300 వాట్స్, 2 ఓమ్‌ల దగ్గర సరిగ్గా 500 ఇస్తుంది. అందుకే ప్యారలల్‌గా కలిపాడు. బ్యాటరీ నుంచి 45 ఆంపియర్ల దాకా లాగుతుందని మందపాటి రాగివైరు వేసి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు బిగించాడు.

"ఇసొంటిదే ఇంకో సబ్ తగిలిస్తే?"

"1 ఓమ్‌కు పడిపోతది. ఈ ఆంప్‌కు 2 ఓమ్‌లే హద్దు. అది దాటితే వేడెక్కి కాలిపోతది."

"వద్దొద్దు! దాని తాకత్ ఎంతో అంతే మోపన్నా," అన్నాడు పిలగాడు, నిజంగా భయపడి.

"గెయిన్ గూడ అట్లనే. శక్తికి మించి పెంచితే అలల తలలు తెగుతయి. సౌండ్ పగులుతది. పగిలినట్టు వినబడంగనే తగ్గియ్యాలె, లేకుంటే కాయిల్ ఖతం."

పిలగాడు బుద్ధిగా తలూపాడు. మెకానిక్ 50 హెర్ట్జ్ టోన్ పెట్టి, ఆంప్ వైర్లకు మీటర్ తగిలించి, ముల్లు 31 వోల్టులు దాటకుండా గెయిన్ తిప్పాడు. 500ను 2తో గుణించి వర్గమూలం తీస్తే వచ్చే లెక్క అది. తర్వాత పాట పెట్టాడు. అద్దాలు అదిరాయి గానీ ఎక్కడా చీలిక లేదు.

బిల్లు 42 వేలు. "మామకు చెప్పిన, పంపుతడు," అన్నాడు పిలగాడు. అంతలోనే ఫోన్ మోగింది. బ్లూటూత్‌కు కలిపి ఉండడంతో పాట ఆగి, ముసలాయన మాట కారు నిండా, షాపు నిండా వినబడింది.

"అల్లుడా, ఘనపురం కాల్వ కింది అరెకరం అమ్మి కారు పెట్టిన. చిన్నబిడ్డ ఫీజు ఇంకా కట్టనే లేదు. ఇప్పుడు 42 వేలంటే యాడికెళ్లి తేవాలె నాయనా..." గొంతు పూడుకుపోయింది. ఆపైన మాటలు తెగి తెగి వచ్చాయి.

షాపులో పనులు ఆగిపోయాయి. పిలగాడు మ్యూట్ నొక్కి మెకానిక్ వైపు తిరిగాడు.

"అన్నా, సౌండ్ పగులుతున్నది. గెయిన్ జర తగ్గియ్యి."