ఆరో వరస

నాకు జ్ఞాపకశక్తి లేదు. ఎవరైనా అడిగితే పుడతాను, నెల ఒకటి గీసిచ్చి పోతాను. రెప్పపాటు కూడా పట్టదు. ఒకే నిమిషంలో పదిమంది అడిగితే పదిసార్లు పుడతాను. ఆ పదింట్లో ఒకదానికి ఇంకొకదాని సంగతి తెలియదు. రాజమండ్రిలో ఒక కల్యాణ మండపం వెబ్‌సైటులో ఉండే నెలవారీ క్యాలెండర్ని నేను. ఏ తేదీ ఖాళీయో, ఏది అయిపోయిందో చూపించడం నా ఉద్యోగం.

ఇలాంటిదానికి ఆత్మకథేమిటంటారా? నన్ను రాసిన కుర్రాడికి ఒక మంచి అలవాటు ఉండేది. కోడులో ఎక్కడ చెయ్యి పెట్టినా పక్కన రెండు ఏటవాలు గీతలు గీసి, తేదీ వేసి, ఎందుకు మార్చాడో ఒక ముక్క రాసేవాడు. ఆ గీతల తరవాత ఏముందో సర్వరు చదవదు, దాటుకుని పోతుంది. నేను మాత్రం దాటేటప్పుడు ఓరకంట చూస్తుంటాను. నా గతం అంతా ఆ ముక్కల్లోనే ఉంది.

పుట్టింది 2015 ఫిబ్రవరిలో. అంతకుముందు మండపానికి ఉన్నది అట్ట చినిగిన లావుపాటి రిజిస్టరు ఒకటి, దాని మీద మేనేజరుగారి మోచెయ్యి. అమెరికాలో ఉన్న పెళ్లికొడుకులు వాళ్ల పగటివేళ, మన అర్ధరాత్రి ఫోను చేసి "ఫలానా తేదీ ఖాళీయేనా అండీ" అని అడుగుతుంటే, ఆ బాధ పడలేక నన్ను చేయించారు. నా భాష పీహెచ్‌పీ. గ్రీన్‌లాండ్‌లో పుట్టిన రాస్మస్ లెర్డార్ఫ్ తన సొంత పేజీ కోసం రాసుకున్న పనిముట్లను 1995 జూన్‌లో అందరికీ పంచిపెడితే, అవే పెరిగి ఈ భాష అయ్యాయి. ఇంటి అవసరానికి పుట్టిన భాష కాబట్టి దీనికి మర్యాదలు కాస్త ఎక్కువ. ఆ మర్యాదే ఒకసారి నా కొంప ముంచింది, చెబుతాను.

నెల గీయడానికి నాకు రెండు అంకెలు చాలు, ఏడాదీ నెలా. పేజీ చిరునామాకి తోకలాగా వేలాడుతూ వస్తాయి. ఆ తోకలో అంకెలకు బదులు ఎవడైనా ఆకతాయి ఏదైనా రాసి పంపితే ముందు దాన్ని అంకెగా మార్చుకుంటాను, పన్నెండు నెలల్లో ఇమడకపోతే ఈ నెలే చూపిస్తాను. తరవాత ఒకటో తారీఖు ఏ వారమో కనుక్కుంటాను. ఆదివారమైతే సున్నా, శనివారమైతే ఆరు. ఎంత వస్తే అన్ని ఖాళీ గడులు ముందు వదిలేస్తాను. నెలకి ఎన్ని రోజులో పీహెచ్‌పీనే అడుగుతాను. 1900 లీపు కాదు, 2000 లీపు, 2100 మళ్లీ కాదు అన్న లెక్కలన్నీ దాని కడుపులోనే ఉన్నాయి. ఇక ఒకటి నుంచి గడులు పేర్చుకుంటూ పోవడం, ఏడు నిండగానే వరస మార్చడం. ఇంతే నా విద్య.

మొదటి గొడవ పసుపు గడితో వచ్చింది. 'ఈరోజు' గడికి పసుపు రంగు వెయ్యాలి. మేనేజరుగారు ఉదయం తొమ్మిదింటికి వచ్చి తెరిస్తే నిన్నటి గడికి పసుపు ఉంది.

"ఏమయ్యా, ఇది నిన్నటి తేదీ చూపిస్తోందేంటి?"

కుర్రాడు పదకొండింటికి వచ్చి చూశాడు. "లేదండీ, సరిగ్గానే ఉందిగా."

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. మేనేజరుగారు కళ్లజోడు తుడుచుకుని చూశారు, ఆ తరవాత కొత్త కళ్లజోడే కొన్నారు. మూడో రోజు కుర్రాణ్ణి పొద్దున్నే పిలిపించి పక్కన కూర్చోబెట్టుకుంటే గుట్టు బయటపడింది. నేను కాపురం ఉన్న సర్వరు అమెరికా తూర్పు తీరంలో ఉంది. అక్కడ అర్ధరాత్రి అయ్యేసరికి ఆ చలికాలంలో మనకి ఉదయం పదిన్నర. అప్పటిదాకా నాకు నిన్నే. ఇక్కడ టైము చూసుకో అంటూ ఏసియా కోల్‌కతా అని ఒక్క లైను రాశాడు. దాని పక్కన ముక్క: 'సార్ కళ్లు బానే ఉన్నాయి.'

రెండోది చాలా పెద్దది. నన్ను రాసినప్పుడు కుర్రాడు వరుసగా నాలుగు నెలలు వేసి చూసుకున్నాడు. 2015 ఫిబ్రవరి ఒకటి ఆదివారం. ఇరవై ఎనిమిది రోజులూ సరిగ్గా నాలుగు వరసల్లో, ఒక్క గడి ఖాళీ లేకుండా కూర్చున్నాయి. అంత అందంగా నేను మళ్లీ కుదరడానికి ఏళ్లు పడుతుంది. జనవరి సరిగ్గా ఐదు వరసలు. మార్చి, ఏప్రిల్ కూడా ఐదింట్లో ఒదిగాయి. ఐదు వరసలు, ముప్పై ఐదు గడులు, ఎంత నెలకైనా చాలు అనుకుని అలాగే బిగించేశాడు.

ఇక నా బాణాలు. వెనక్కి ఒకటి, ముందుకి ఒకటి. ముందు బాణానికి అతను ఇచ్చిన సూత్రం 'ఈ తేదీకి ఒక నెల కలుపు'. మార్చి 30 దాకా బాగానే నడిచింది. మార్చి 31న పెళ్లికూతురి తండ్రిగారొకరు మండపానికి వచ్చారు. "మే నెల చూపించండి" అన్నారు. మేనేజరుగారు బాణం ఒక్కసారి నొక్కగానే తిన్నగా మే నెల వచ్చేసింది. రెండుసార్లు నొక్కే పని తప్పిందని ఆయన సంతోషించారు కూడా. జరిగిందేమిటంటే, మార్చి 31కి ఒక నెల కలిపితే ఏప్రిల్ 31. అలాంటి రోజు లేదని పీహెచ్‌పీ మొహం మీద చెప్పదు. ఏప్రిల్ ముప్పై దాటి ఇంకొక్క రోజు కాబోలు అనుకుని మే ఒకటి చేతిలో పెడుతుంది. అదీ ఆ మర్యాద.

మే ఒకటి శుక్రవారం. ఐదు ఖాళీ గడులు, ముప్పై ఒక్క రోజులు. మొత్తం ముప్పై ఆరు. నాకున్నవి ముప్పై ఐదు.

"మాది ముప్పై ఒకటి ఆదివారమండీ," అన్నారు ఆ తండ్రిగారు.

మేనేజరుగారు నన్ను పైకీ కిందికీ జరిపారు. ముప్పై శనివారంతో నేను అయిపోయాను.

"మే నెలకి ముప్పై రోజులేగా?" అనేశారు, నోరు జారి.

తండ్రిగారు కొయ్యబారిపోయారు. జ్యేష్ఠ మాసం, ఆదివారం, బంధువులందరికీ సెలవు, సిద్ధాంతిగారు పెట్టిన ముహూర్తం. ఆ తేదీయే లోకంలో లేదంటున్నాడు ఈ మనిషి! మేనేజరుగారు చివరికి రిజిస్టరు తెరిచి పెన్నుతో రాసుకుని అడ్వాన్సు తీసుకున్నారు. సాయంత్రం కుర్రాడికి పడ్డ చీవాట్లు నా కోడులో లేవు. రెండు మార్పులు మాత్రం ఒకే తేదీతో ఉన్నాయి. ఒకటి, బాణం ఎప్పుడూ ఒకటో తారీఖు నుంచే లెక్కపెట్టాలి. రెండు, వరసలు ముందే బిగించకూడదు, రోజులు ఉన్నంతవరకూ పేర్చుకుంటూ పోవాలి. విచిత్రమేమిటంటే పీహెచ్‌పీ మర్యాద ఇప్పుడు నాకు అక్కరకొస్తుంది. డిసెంబరులో ముందుకి నొక్కితే పదమూడో నెల అడుగుతాను, అది మారు మాట్లాడకుండా వచ్చే ఏడాది జనవరి ఇస్తుంది.

ముందు బాణానికి అంతు లేకపోవడం కూడా తప్పేనని వేసవిలో తెలిసింది. వెబ్ పేజీలు ఏరుకుంటూ తిరిగే ఒక శోధన రోబో వచ్చి పడింది. కనిపించిన లింకల్లా పట్టుకుని పోవడమే దాని పని. నొక్కింది, నొక్కింది, 2038 దాటింది, 2100కి దగ్గరపడింది. వెయ్యి నెలలకు పైగా. అప్పట్లో నాకు ఇంకో దురలవాటు కూడా ఉండేది. నెలలో ప్రతి గడికీ విడివిడిగా డేటాబేసు దగ్గరికి పరిగెత్తి 'ఈ రోజు ఎవరైనా ఉన్నారా' అని అడిగేదాన్ని. అలా ముప్పై వేల ప్రశ్నలు, ఇంకా పుట్టని వాళ్ల పెళ్లిరోజుల గురించి! సర్వరు మొరాయించింది. అప్పుడు కుర్రాడు నెలకి ఒకే ప్రశ్న నేర్పాడు: ఒకటి నుంచి నెలాఖరు దాకా ఉన్న బుకింగులన్నీ ఒక్కసారే ఇవ్వమని. ముందుకి రెండేళ్లు దాటితే బాణం మాయం చేశాడు.

ఆ ఏడాది ఆషాఢం రెండు వచ్చాయి. జూన్ 17న అధికం మొదలైంది, ఆ వెనకే నిజం. పెళ్లిళ్లు లేవు, నేను ఒంటినిండా ఆకుపచ్చ. తిథుల సంగతి నువ్వే చెప్పరాదా అని మేనేజరుగారు అడిగారు కానీ, చంద్రుడూ సూర్యోదయమూ కలిపి చూసే ఆ లెక్క నా ఏడు గడుల విద్యకు అందేది కాదు. పంచాంగం చూసి ఆయనే చేత్తో ఎక్కించేవారు. అంత ఆకుపచ్చలోనూ జూలై 14 నుంచి 25 దాకా పన్నెండు గడులు ఎర్రబడ్డాయి. గోదావరి పుష్కరాలు. మండపం నిండా యాత్రికుల చాపలు. మొదటిరోజు ఉదయం పుష్కర ఘాట్ తొక్కిసలాటలో ఇరవై మందికి పైగా పోయారు. నా పద్నాలుగో గడి తక్కిన పదకొండింటిలాగే ఎర్రగా ఉంది. ఎవరు అడిగినా అలాగే చూపించాను.

తరవాత పీహెచ్‌పీ మారింది, నన్ను అక్కడక్కడా తిరగరాశారు. కుర్రాడు హైదరాబాదు వెళ్లిపోయాడు. ఏటవాలు గీతల వెనక ఇప్పుడు వేరే చేతిరాత, మాటలు పొదుపు.

మేనేజరుగారు మాత్రం ఉన్నారు, రిజిస్టరుతో సహా. ముందు అందులో రాస్తారు, తరవాతే నాలో ఎక్కిస్తారు. 2015 తేదీలూ వారాలూ 2026లో ఒక్కటి కూడా తేడా లేకుండా మళ్లీ వచ్చాయి. ఫిబ్రవరి నాలుగు వరసల్లో కూర్చుంది. మే 31 మళ్లీ ఆదివారం, ఆరో వరసలో ఒంటరిగా. ఆయన ఆ గడి మీద కర్సరు పెట్టి కాసేపు ఆగారు. ఈసారి అది అధిక జ్యేష్ఠం, ఎవరూ అడగలేదు. ఆకుపచ్చగానే ఉంది.