పై అంతస్తు సంగతి పాలసీకి తెలియదు

తెలుగు రాష్ట్రాల్లో గృహబీమా పాలసీ చాలావరకు ఇంటి రుణంతో పాటే పుడుతుంది. బ్యాంకులో వరసగా పెట్టిన సంతకాల్లో ఒకటి దానిది. ఆ కాగితం ఇంటికొచ్చి బీరువాలో పట్టుచీరల అడుగుకు చేరుతుంది. తర్వాత దాన్ని తిరగేసేది చెదపురుగే. కొన్ని ఇళ్లలో అది గృహబీమా కూడా కాదు, రుణం తీసుకున్నవాడు పోతే బాకీ తీర్చే జీవిత బీమా. ఇల్లు కూలితే అది పైసా ఇవ్వదు. ఇంటితో పాటు యజమాని కూడా పోవాలి.

బీమా ఎంతకు చేయాలన్న దగ్గరే మొదటి తికమక. తెలుగువాడి ఇంటికి మూడు విలువలుంటాయి. సబ్‌రిజిస్ట్రార్ ముందు చెప్పేది పాతాళంలో ఉంటుంది, పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు చెప్పేది ఆకాశంలో ఉంటుంది, బ్యాంకు వాల్యుయేషన్ కావలసిన అప్పు దగ్గర సరిగ్గా ఆగుతుంది. బీమా కంపెనీకి ఈ మూడింటితోనూ పనిలేదు. అంతే పెద్ద ఇంటిని ఇవాళ మళ్లీ కట్టాలంటే ఎంతవుతుందన్నదే దాని లెక్క. స్థలం ధర అందులోకి రాదు. ‘స్థలమే కోట్లు చేస్తుంది, కట్టడానికి బీమా దేనికి’ అనే వాదన బలమైనదే. కాకపోతే అది ఖాళీ స్థలంలో గుడారం వేసుకుని బతకడానికి సిద్ధపడ్డవాళ్లు చేయాల్సిన వాదన.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రూపొందించిన ‘భారత్ గృహ రక్ష’ పాలసీ 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నిజానికి ఇది దయగల పాలసీ. కట్టడంపై బీమా మొత్తం పాలసీ కాలంలో ఏటా 10 శాతం చొప్పున, అదనపు ప్రీమియం లేకుండా, తనంతట తానే పెరుగుతుంది. తక్కువకు బీమా చేశారంటూ పరిహారంలో దామాషా కోత పెట్టే పాత పద్ధతి ఇందులో లేదు. ఏజెంటు నోట ఈ రెండు ముక్కలు విన్న యజమాని మిగతా పత్రం చదవడం అంతటితో మానేస్తాడు. ఆ 10 శాతం సిమెంటు, ఇనుము, కూలి రేట్లు పెరిగినందుకు. కొత్తగా లేచిన అంతస్తుకు కాదు.

వెయ్యి చదరపు అడుగుల ఇంటికి అడుగుకు రూ.2,000 లెక్కన రూ.20 లక్షలకు బీమా చేశారనుకుందాం. నాలుగేళ్లలో పెద్దబ్బాయి పెళ్లని పైన ఒక అంతస్తు, అద్దెలొస్తాయని దాని మీద రేకుల పెంట్‌హౌస్ లేస్తాయి. పాలసీకి మాత్రం ఆ ఇల్లు ఇంకా వెయ్యి అడుగులే. పెంట్‌హౌస్‌కు ప్లాన్ లేదు కనుక మునిసిపాలిటీకి చెప్పకూడదు, మునిసిపాలిటీకి చెప్పనిది కంపెనీకి అసలే చెప్పకూడదు. క్రమబద్ధీకరణ పథకం ఏదో ఒకటి రాకపోదు, అప్పుడు అన్నీ ఒకేసారి చూసుకోవచ్చునని ధీమా. తుపాను గాలికి ఈ గోప్యతతో పట్టింపు లేదు, అది పెంట్‌హౌస్ రేకులతోనే మొదలుపెడుతుంది.

కట్టడాన్ని పెంచినా, ఇల్లు అద్దెకిచ్చినా, వాడకం మార్చినా కంపెనీకి తెలియజేయాలని షరతుల్లోనే ఉంది. కింది పోర్షన్ ట్యూషన్ సెంటరో, లేడీస్ హాస్టలో అయిన సంగతిని యజమాని టు-లెట్ బోర్డు పెట్టి, ఫ్లెక్సీ కట్టి ఊరందరికీ తెలియజేస్తాడు. కంపెనీ ఆ వీధిలో లేకపోవడం దాని ఖర్మ.

ఇక సామాన్లు. విడిగా వివరాలివ్వకుండా దొరికే రక్షణ కట్టడం బీమాలో 20 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షలు. పై లెక్కలోని ఇంటికి రూ.4 లక్షలు. గోడంత టీవీ, రెండు తలుపుల ఫ్రిజ్, తోలు సోఫా కొన్నప్పుడల్లా వాట్సాప్ స్టేటస్ మారుతుంది, పాలసీ మారదు. బంగారానికి విడిగా, ముందే ఒప్పుకున్న విలువకు బీమా తీసుకోవాలి. తులం ధర పొద్దున్నే కాఫీ కంటే ముందు చూసుకునే ఇంట్లో కూడా పాలసీలోని నగలు కొన్ననాటి ధర దగ్గరే ఉంటాయి. అన్నట్టు, ఇంటిల్లిపాదీ తిరుపతి వెళ్లినప్పుడు జరిగే దొంగతనం ఈ పాలసీ కిందికి రాదు. వరద, అగ్నిప్రమాదం వంటిది జరిగిన ఏడు రోజుల్లోపు పోయిన వాటికే వర్తిస్తుంది. మామూలు దొంగల కోసం వేరే పాలసీ కావాలి.

కాలం లెక్క కూడా ఇలాగే ఉంటుంది. రుణం ఇరవై ఏళ్లకు, భారత్ గృహ రక్ష గరిష్ఠంగా పదేళ్లకు. మధ్యలో రక్షణ ముగిసిన సంగతి ఈఎంఐ కట్టేవాడికి గుర్తుండదు. తండ్రి పోయి, ఇల్లు పంచుకుని, మ్యుటేషన్ సైతం అయ్యాక కూడా ప్రీమియం తండ్రి పేరునే వెళ్లే ఇళ్లున్నాయి. అదే గుమ్మానికి వేలాడే బూడిద గుమ్మడికాయ కుళ్లితే వచ్చే అమావాస్యకల్లా కొత్తది వస్తుంది. ఆ రెన్యూవల్ ఏ ఇంట్లోనూ తప్పదు.

లోకాచారం ప్రకారం పాలసీ బయటికి తీయవలసిన సమయం నీళ్లు దిగిన మర్నాడు. 2014 హుద్‌హుద్ తర్వాత విశాఖలో, 2020 అక్టోబరు వానల తర్వాత హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచాక విజయవాడలో గృహబీమా మీద అందరికీ గౌరవం కలిగింది. జరిగిపోయిన నష్టానికి బీమా దొరకదన్న నియమం దగ్గర ఆ గౌరవం ఆగిపోయింది. బుడమేరులో నేల అంతస్తు మునిగిన ఇంటికి ప్రభుత్వం ప్రకటించిన సాయం రూ.25 వేలు.

పాలసీలో మార్పు చేయించడాన్ని ఎండార్స్‌మెంట్ అంటారు. ఒక దరఖాస్తు, పెంచిన మొత్తం మీద మిగిలిన నెలలకు ప్రీమియం తేడా, అంతే. పై అంతస్తుకు స్లాబు వేసిన రోజు పనివాళ్ల భోజనాలకయ్యే ఖర్చు మామూలుగా ఆ తేడా కంటే ఎక్కువే.