మంగళవారం మహాత్మ్యం

మంగళ, శుక్రవారాల్లో ఇంట్లోంచి డబ్బు బయటికి పోకూడదన్నది మన పెద్దల నియమం. శుక్రవారం సంగతి కొత్త సినిమా ఎప్పుడో చూసుకుంది. మిగిలిపోయిన మంగళవారాన్ని 2025 ఏప్రిల్‌లో మల్టీప్లెక్సుల సంస్థ పీవీఆర్ ఐనాక్స్ పట్టుకుంది. 'బ్లాక్‌బస్టర్ ట్యూస్‌డేస్' అని పేరు పెట్టి, 99 నుంచి 149 రూపాయలకే టికెట్ అంది. నిజంగా బ్లాక్‌బస్టరే అయితే మంగళవారం నాటికి సీట్లెందుకు మిగిలాయని మాత్రం అడక్కండి. చవగ్గా ఇస్తున్నప్పుడు లా పాయింట్లు తీయకూడదు.

ఈ చవక బేరం కొత్తదేం కాదు. 2022 సెప్టెంబర్ 23న జాతీయ సినిమా దినోత్సవమంటూ దేశమంతా మల్టీప్లెక్సుల్లో 75 రూపాయలకే టికెట్ అమ్మారు. హాళ్లు కిటకిటలాడాయి. జనాన్ని ఓటీటీ చెడగొట్టిందని అంతవరకూ శాపనార్థాలు పెట్టినవాళ్లకు రేటు తగ్గిస్తే జనం వస్తారన్న పరమ రహస్యం ఆ రోజు బోధపడింది. మర్నాటికి మరుపొచ్చింది. మరుసటి ఏడాది అదే పండక్కి టికెట్ 99 అయింది. తగ్గింపు ధర కూడా పెరగడం మన దగ్గరే చూడాలి.

సరే, 99కి వెళ్లారనుకుందాం. ఫోన్లో బుక్ చేస్తే కన్వీనియన్స్ ఫీజు అదనం. సౌకర్యం ఎవరిదో రసీదులో ఉండదు. గేటు దగ్గర సెక్యూరిటీ అమ్మాయి మీ ఆవిడ హ్యాండ్‌బ్యాగు తెరిచి, అడుగున కర్చీఫ్ కింద దాచిన జంతికల పొట్లాన్ని బయటికి తీస్తుంది. ఇంటర్వెల్లో బుడ్డోడు పాప్‌కార్న్ అంటాడు. మీరు చిన్నది అడుగుతారు. "ఇంకో యాభై వేస్తే లార్జ్ వచ్చేస్తుంది సార్" అంటాడు కౌంటర్ కుర్రాడు, మీ మేలు కోరి. వెనకాల క్యూ ఉంది, పక్కన పిల్లాడున్నాడు, పరువుంది. లార్జే తీసుకుంటారు. బయటి తిండి ఆపే హక్కు హాలువాళ్లకుందని, మంచినీళ్లు మాత్రం ఉచితంగా ఇవ్వాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టే చెప్పింది. కాబట్టి ధైర్యంగా నీళ్లు తాగండి.

పీవీఆర్ ఐనాక్స్ 2023-24 లెక్కల్లో సగటు టికెట్ 259 రూపాయలు, మనిషికి సగటు తిండిఖర్చు 132. టికెట్‌లో తగ్గించింది కౌంటర్‌లో రాబట్టడమెలాగో వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

అయినా మల్టీప్లెక్సు వాళ్లను ఎంతని అంటాం? మన దగ్గర పెద్ద హీరో సినిమా రేటు పెంచేది సాక్షాత్తూ సర్కారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ నాటి జీవో 35 ప్రకారం పల్లెటూళ్లో నాన్ ఏసీ హాలు ఎకానమీ టికెట్ ఐదు రూపాయలు. 2025 సెప్టెంబర్‌లో అదే రాష్ట్రంలో 'ఓజీ' బెనిఫిట్ షోకి వెయ్యి రూపాయలు. ఐదు నుంచి వెయ్యికి ఎగరడానికి నాలుగేళ్లు పట్టింది. తెలంగాణ ఏం తక్కువ తినలేదు. 2024 డిసెంబర్‌లో 'పుష్ప 2' ప్రీమియర్‌కి మామూలు రేటు మీద మరో 800 వేసుకోమని అనుమతిచ్చింది. పాపం, వందల కోట్ల బడ్జెట్ పెట్టిన నిర్మాత బీదరికాన్ని చూసి ఏ ప్రభుత్వం కరగదు?

పాలకులకు ఒక్క మనవి. మొదటి వారం రేటు పెంచుకోమని జీవో ఇస్తున్నప్పుడు, సినిమా తేలిపోతే రెండో వారం ఎంతకి తగ్గిస్తారో కూడా అదే కాగితం మీద నిర్మాత చేత రాయించి సంతకం పెట్టించుకోండి.