కప్పు మీద ఆప్యాయత

కాఫీ తాగేవారు మానేస్తే చివరకు నష్టపోయేది కాఫీ కలిపే పనివారేనన్న సిద్ధాంతం, 2025 నవంబరు 13న స్టార్‌బక్స్ వర్కర్స్ యునైటెడ్ అనే యూనియన్ అమెరికాలో సమ్మెకు దిగి, ఒప్పందం కుదిరేదాకా ఆ దుకాణాల గడప తొక్కవద్దని ప్రజలను కోరిన మరుక్షణం నుంచి, అంతకుముందెన్నడూ పనివారి ఊసెత్తని పెద్దమనుషుల నోట కూడా వినిపించసాగింది. కంపెనీ లెక్క ప్రకారం 17,000 దుకాణాల్లో 99 శాతం యథావిధిగా తెరిచే ఉన్నాయి కనుక ఈ బహిష్కరణను ఎవరూ పట్టించుకోలేదని కూడా వారే సెలవిచ్చారు. పనివారి పొట్ట కొట్టేంత బలమూ, కంపెనీకి చీమ కుట్టినంత నొప్పయినా కలిగించలేని బలహీనతా ఒకే బహిష్కరణలో ఎలా ఇమిడాయో వివరించగల తార్కికుడు ఇంకా పుట్టలేదు.

సమ్మెకు ఎంచుకున్నది మామూలు రోజు కాదు. పండుగ సీజను పానీయం కొన్నవారికి మళ్లీ మళ్లీ వాడుకోదగిన ఎర్రకప్పును ఉచితంగా చేతిలో పెట్టే ఆ రోజున కంపెనీకి ఏటా తిరునాళ్ల రద్దీ. దానికి వారం ముందే, 30 డాలర్ల ఎలుగుబంటి ఆకారపు గాజుకప్పు కోసం జనం వేకువనే బారులు తీరగా, సరుకు చాలక వెనుదిరిగినవారికి కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. ఎలుగుబంటి దక్కనివారి వేదనకు అంత త్వరగా కరిగిన ఆ హృదయం, నాలుగేళ్లుగా ఒప్పందం దక్కని ఉద్యోగుల విషయంలో మాత్రం చెక్కుచెదరలేదు.

ఈ వ్యవహారం మొత్తంలో రసవత్తరమైన ఘట్టం పెన్నులది. 2024 సెప్టెంబరులో పగ్గాలు చేపట్టిన ముఖ్య కార్యనిర్వహణాధికారి బ్రయాన్ నికోల్, తగ్గుతున్న అమ్మకాలకు కనిపెట్టిన మందుల్లో ఒకటి, బరిస్టా, అంటే కౌంటరు వెనుక నిలబడి కాఫీ కలిపి అందించే ఉద్యోగి, కప్పుల మీద మార్కరు పెన్నుతో ఆత్మీయ వాక్యాలు రాయాలన్నది. ఇందుకు దాదాపు 2,00,000 షార్పీ పెన్నులు కావాలని ఆయనే లెక్క చెప్పారు. ఆప్యాయత ఇలా పెన్నుల లెక్కన కొలతకు రావడం వాణిజ్యశాస్త్రానికి కొత్త.

మనసులో పుట్టి నోటివెంట రావలసిన పలకరింపు, ప్రధాన కార్యాలయంలో ఆదేశంగా పుట్టి, అంచెలంచెలుగా మేనేజర్ల మీదుగా దుకాణానికి దిగి, ముక్కూమొహం తెలియని వ్యక్తి కప్పు మీద శుభాకాంక్షగా వెలుస్తుంది. పానీయం నాలుగు నిమిషాల్లో చేతికందాలన్నది అదే యాజమాన్యం పెట్టుకున్న మరో లక్ష్యం. కనుక ఫోనులో వచ్చిన ఆర్డరు చీటీని కప్పుకు అంటించడం, పాలను ఆవిరితో నురగెత్తించడం, కిటికీ అవతల కారులో కూర్చున్నవారి అసహనాన్ని చిరునవ్వుతో భరించడం, మూత బిగించడం, వీటన్నిటి నడుమ ఆప్యాయతకు మిగిలేవి కొద్ది క్షణాలు. తడిసిన కప్పుకు సిరా సరిగా అంటదు కాబట్టి ఆ ప్రేమ కూడా పానీయం పోయకముందే ఉప్పొంగాలి. నవ్వుముఖం బొమ్మ గీస్తే సరిపోతుందా, పూర్తి వాక్యమే కావాలా అన్న ధర్మసందేహాన్ని తీర్చే స్మృతికారుడు ఏ షిఫ్టులో ఉంటాడో ఎవరికీ తెలియదు.

కొనేవారికీ పనిచేసేవారికీ మధ్య వ్యక్తిగత బంధం ఉండాలని కోరుకున్నది కంపెనీయే. అదే ఉద్యోగి ఏప్రను విప్పి కాలిబాట మీదికి వచ్చి, అదే రకం మార్కరుతో అట్టముక్క మీద 'ఒప్పందం లేనిదే కాఫీ లేదు' అని రాసి పట్టుకుంటే మాత్రం బంధం మాట మాయమై, వినియోగదారులకు అసౌకర్యం అన్న మాట ముందుకొస్తుంది. ఒకే చేతిరాత కప్పు మీద ఉంటే సంస్కృతి, అట్ట మీద ఉంటే అల్లరి. అన్ని పెన్నులకు లెక్క కట్టిన సంస్థకు ఇన్నేళ్లలో ఒక్క సంతకానికి పెన్ను చిక్కలేదు.



నాలుగేళ్లంటే మాటలు కావు. 2021 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో తొలి దుకాణం ఓటుతో యూనియన్‌ను తెచ్చుకుంది. ఆ తరువాత 500కు పైగా దుకాణాలు అదే బాట పట్టాయి. అయినా సమష్టి ఒప్పందం, అంటే జీతాలు, పనిగంటలు, తొలగింపు నిబంధనలపై యాజమాన్యం యూనియన్‌తో రాసుకునే చట్టబద్ధమైన పత్రం, ఒక్క దుకాణానికీ దక్కలేదు. అమెరికా కార్మిక చట్టం యాజమాన్యాన్ని చిత్తశుద్ధితో చర్చించమంటుందే తప్ప అంగీకరించి తీరాలనదు, గడువూ పెట్టదు. ఓటు వేసినవారు విసిగి వేరే ఉద్యోగం చూసుకునేదాకా చర్చలను సాగదీయాలనుకునేవారికి ఇంతకంటే రాచబాట లేదు. వారానికి సగటున 20 గంటలు పని దొరికితేనే ఆరోగ్య బీమా వంటి సౌకర్యాలకు అర్హత వస్తుంది. గంటలు పంచేది యాజమాన్యమే. పనివేళలను 14 రోజుల ముందే తెలపాలన్న న్యూయార్క్ నగర చట్టాన్ని ఉల్లంఘించిందన్న కేసులో 2025 డిసెంబరులో ఈ కంపెనీ దాదాపు 3.9 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. 2024 ఆర్థిక సంవత్సరంలో మూడు వారాలే పనిచేసిన నికోల్‌కు, అధికభాగం షేర్ల రూపంలో, 9.5 కోట్ల డాలర్లకు పైగా ప్రతిఫలం దక్కగా, కాలిఫోర్నియా ఇంటి నుంచి సియాటిల్ కార్యాలయానికి కంపెనీ విమానంలో వచ్చిపోయే వెసులుబాటు దానికి అదనం. బరిస్టాలకు చూపించింది ఏటా కనీసం 2 శాతం పెంపు. 2025 ఏప్రిల్‌లో యూనియన్ ప్రతినిధుల్లో 81 శాతం దాన్ని తిప్పికొట్టారు. అంతకంటే ఎక్కువ అడగడంలో అత్యాశ ఎక్కడుంది? వచ్చేవారం ఎన్ని గంటలు పని దొరుకుతుందో తెలియని మనిషి అద్దె కట్టగలిగేంత అడిగితే అత్యాశ అనడం సిగ్గుమాలినతనం.

మానడం వల్ల ఒరిగేదేమీ లేదన్న వేదాంతానికి చరిత్ర సాక్ష్యం చెప్పదు. 1965లో కాలిఫోర్నియాలోని డెలానోలో ద్రాక్షతోటల కూలీలు సమ్మెకు దిగితే, ఊళ్లకు ఊళ్లు ద్రాక్ష కొనడం మానేసి వారికి అండగా నిలవగా, 1970లో తోటల యజమానులు సంతకాలు పెట్టారు. ఇక దుకాణ ఉద్యోగుల యూనియన్లకైతే 1947 నాటి టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం పరోక్ష బహిష్కరణను, అంటే తగవు ఉన్న కంపెనీతో వ్యాపారం చేసే ఇతర సంస్థల మీద ఒత్తిడి తేవడాన్ని, నిషేధించింది కాబట్టి, నేరుగా కొనేవారిని అడగడం తప్ప వారికి దారులు ఎక్కువ లేవు.

కంపెనీ 1971లో పుట్టిన సియాటిల్‌లోనే, అప్పుడే మేయరుగా గెలిచిన కేటీ విల్సన్ సమ్మెదారుల పక్కన నిలబడి తాను ఆ కాఫీ కొనబోనని ప్రకటించారు. ఆ నగరం చుట్టుపక్కల బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లలో స్థిరపడిన తెలుగు సాఫ్ట్‌వేరు ఉద్యోగుల్లో కొందరికి మాత్రం ఒక్కరు మానితే ఏమవుతుందన్న సందేహం తీరడం లేదు. వేసవిలో అమ్మగారో అత్తగారో సూట్‌కేసులో మోసుకొచ్చిన కాఫీపొడీ, స్టీలు ఫిల్టరూ వంటింటి అరలో ఉండగానే, కప్పు మీద తప్పుల తడకగా రాసిన తమ పేరును ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టుకోవడం వారికి మానలేని అలవాటైంది.